పందుంపుల్లకూ పాచికీ మధ్య

మూడో తరగతిలో నన్ను హాస్టల్లో చేర్చినప్పుడు మా తాత నా చొక్కా జేబులో అయిదారు కానుగ పుల్లలు పెట్టి పంపాడు. అవి అయిపోయాక హాస్టల్ వెనక చెట్లుంటాయిలే అన్నాడు. మర్నాడు పొద్దున బోరింగు దగ్గర నేను పుల్ల నములుతుంటే వార్డెన్ చూశాడు. చేతిలోంచి లాక్కుని కాలవలో పారేసి, "ఈ అడవి బుద్ధి ఎప్పుడు పోతుందిరా మీకు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్విన వాళ్లలో సగం మంది జేబుల్లోనూ పుల్లలే ఉన్నాయి. ఆ సాయంత్రం తలా ఒక ఎర్ర పళ్లపొడి పొట్లం ఇచ్చారు. అది తియ్యగా ఉండేది. పళ్లకు రాసుకున్నదాని కంటే మేం తిన్నదే ఎక్కువ.

ఈ సంగతి ఇన్నేళ్ల తర్వాత గుర్తు చేసింది మా అయిదో తరగతి పిల్లవాడు. ఇప్పుడు నేనే ఆశ్రమ పాఠశాలలో పంతుల్ని. పరిశుభ్రత పాఠం చెబుతూ, పళ్లు తోముకోకపోతే పాచి పడుతుంది అన్నాను. వాడు లేచి, "సార్, వాగులో రాళ్ల మీద ఉండేదీ పాచే కదా, అదీ ఇదీ ఒకటేనా?" అని అడిగాడు. నేను ఏమాత్రం తడుముకోకుండా, "పేరు ఒకటే గానీ వస్తువు వేరు, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. నేను చెప్పింది తప్పని తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఈ వ్యాసం ఒక రకంగా వాడికి నేను బాకీపడ్డ జవాబు.

వాగు దాటేటప్పుడు రాయి మీద కాలు పెడితే జర్రున జారుతుంది. ఆ జారుడు ఒట్టి నీటి తడి వల్ల వచ్చేది కాదు. రాయి మీద ఒక జిగురు పొర ఉంటుంది. ఆ పొరలో నాచు మొక్కలతో పాటు కంటికి కనబడని బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. నీళ్లలో ఒంటరిగా కొట్టుకుపోయే బ్యాక్టీరియాకు ఒక రాయి దొరికితే అంటుకుంటుంది. అంటుకున్నాక తన ఒంట్లోంచి జిగురు వదులుతుంది. పక్కన ఇంకొన్ని చేరతాయి. అవీ జిగురు వదులుతాయి. చివరకు అదంతా ఒక గూడెం అవుతుంది. లోపలికి తిండి చేరడానికి సన్నటి కాలవలు కూడా ఉంటాయి. దీన్నే శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటున్నారు. మన పంటి మీద పొద్దున్నే నాలుకకు తగిలే జిడ్డు కూడా సరిగ్గా ఇదే. వాగులో రాయి, నోట్లో పన్ను. రెంటి మీదా ఉన్నది పాచే. తెలుగులో ఆ రెంటికీ ఒకే మాట ఎవరు పెట్టారో గానీ, ఆ మాట నిజమని శాస్త్రం ఒప్పుకోవడానికి మూడు వందల ఏళ్లు పట్టింది.

ఆ మూడు వందల ఏళ్ల కథ హాలెండ్ దేశంలో మొదలవుతుంది. డెల్ఫ్ట్ అనే ఊళ్లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. పెద్ద చదువు చదివినవాడు కాదు, లాటిన్ రాదు. గాజు పూసలను అరగదీసి భూతద్దాలు తయారుచేయడం అతని పిచ్చి. ప్రతి పొద్దునా ఉప్పుతో పళ్లు తోముకుని, గుడ్డతో తుడుచుకునే అలవాటున్న మనిషి. అయినా పళ్ల సందుల్లో తెల్లగా పిండిలాంటిది మిగులుతోందని గమనించాడు. దాన్ని గీకి, వాన నీటిలో కలిపి, అద్దం కింద పెట్టి చూస్తే అందులో బతికున్న చిన్న చిన్న జీవులు కదులుతున్నాయి. 1683 సెప్టెంబరు 17న లండన్‌లోని రాయల్ సొసైటీకి ఈ సంగతి ఉత్తరం రాశాడు. తమ దేశంలో ఉన్న జనం కంటే తన నోట్లో ఉన్న జీవులే ఎక్కువని అందులో ఆశ్చర్యపోయాడు. జీవితంలో ఎన్నడూ నోరు శుభ్రం చేసుకోని ఒక ముసలాయన పళ్ల పాచిని కూడా అడిగి తీసుకుని చూశాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆయన గమనించిన ఇంకొక చిన్న విషయం. పుల్లటి వెనిగర్‌తో నోరు కడుక్కుంటే ఆ జీవులు చస్తాయేమోనని చూశాడు. పాచి పైపొరలో ఉన్నవే చచ్చాయి, లోపలివి అలాగే బతికున్నాయి. గీకి తీసి విడిగా నీళ్లలో కలిపిన వాటి మీద వెనిగర్ పోస్తే మాత్రం చచ్చాయి. అంటే గుంపుగా జిగురులో దాక్కున్నవాటికి మందు చేరదు. ఇవాళ ఆసుపత్రుల్లో డాక్టర్లు తలపట్టుకునే సమస్యంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

తర్వాత వచ్చినవాళ్లు ఆ ముక్కను దాదాపు మరిచిపోయారు. దానికి కారణం ఉంది. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో రాబర్ట్ కోచ్ ఒక్కో రోగానికి ఒక్కో క్రిమిని విడదీసి, శుభ్రమైన గాజుపాత్రలో ఒంటరిగా పెంచే పద్ధతి స్థిరపరిచాడు. దాంతో క్షయ, కలరా క్రిములు దొరికాయి. గొప్ప పనే. కానీ ప్రయోగశాలలన్నీ ఒంటరిగా తేలే క్రిములనే చూడటానికి అలవాటుపడ్డాయి. ఊరిని చూడాలంటే ఊరికి పోవాలి గానీ, సంతలో తిరిగే ఒక్క మనిషిని పట్టుకుని ఊరంతా అంచనా వేస్తే ఎలా? పళ్ల డాక్టర్లు కొంత నయం. బెర్లిన్‌లో పనిచేసిన డబ్ల్యు. డి. మిల్లర్ అనే అమెరికన్ 1890లో నోటి సూక్ష్మజీవుల మీద పుస్తకమే రాశాడు. తిన్న తిండిలోని తీపిని నోటి బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుందని, ఆ ఆమ్లం పన్నును తింటుందని తేల్చాడు. అయితే పళ్ల డాక్టర్ల మాట పెద్ద డాక్టర్లు విన్న కాలం ఎప్పుడూ లేదు.

చివరకు విన్నది కెనడాకు చెందిన బిల్ కాస్టర్‌టన్. ఈయన 1960ల మొదట్లో మన పంజాబ్‌లోని ఒక కాలేజీలో పాఠాలు చెప్పాడు కూడా. ఆయనా ఆయన తోటివాళ్లూ కొండవాగుల్లో దిగి లెక్క చూస్తే, నీటిలో తేలే బ్యాక్టీరియా కంటే రాళ్లకు అంటుకుని ఉన్నదే ఎన్నో రెట్లు ఎక్కువ. 1978లో ఈ సంగతి జనానికి అర్థమయ్యేలా పత్రికలో రాశారు. బ్యాక్టీరియా సహజంగా ఒంటరి కాదు, అంటుకుని గుంపుగా బతకడమే దాని పద్ధతి అన్నారు. 1982లో ఒక రోగి గుండెకు అమర్చిన పేస్‌మేకర్ మీద ఇలాంటి పాచే పట్టి, ఎన్ని మందులిచ్చినా జ్వరం మళ్లీ మళ్లీ వస్తోందని సూక్ష్మదర్శిని ఫొటోలతో చూపించారు. మూత్రం గొట్టాల మీద, మోకాలికి వేసిన లోహం మీద, షుగరు రోగి కాలి పుండులో ఉండేదీ ఇదే. తేలే క్రిమిని చంపే మందు మోతాదుకు వంద నుంచి వెయ్యి రెట్లు ఇచ్చినా పాచిలో ఉన్న క్రిమి తట్టుకోగలదని లెక్కలు చెప్పారు.

ఇక పుల్ల దగ్గరకు వస్తాను. పందుంపుల్ల చరిత్ర పాచి చరిత్ర కంటే చాలా పాతది. సుశ్రుత సంహితలో పుల్లలను రుచిని బట్టి చెప్పారు. చేదులో వేప, వగరులో చండ్ర, కారంలో కానుగ మేలు అని. తీపిలో చెప్పిన మధుకం అంటే మన ఇప్పేనని కొందరి అర్థం. చరక సంహితలో కానుగతో పాటు గన్నేరు, జిల్లేడు, మద్ది పేర్లున్నాయి. బౌద్ధుల వినయపిటకంలో ఒక తమాషా ఉంది. కొందరు భిక్షువులు పొడుగాటి పందుంపుల్లలు తెచ్చుకుని వాటితోనే చిన్న శిష్యులను కొట్టేవారట. అందుకని పుల్ల ఎనిమిది వేళ్ల పొడుగు మించకూడదని నియమం పెట్టారు. తర్వాత ఒకాయన మరీ పొట్టి పుల్ల వాడి మింగేశాడు. దాంతో నాలుగు వేళ్ల కంటే తక్కువ ఉండకూడదన్నారు. పిల్లల్ని కొట్టడం పంతుళ్లకు అప్పటినుంచీ ఉన్న జబ్బన్నమాట.

7వ శతాబ్దంలో చైనా నుంచి ఇత్సింగ్ అనే భిక్షువు వచ్చి నలందాలో ఏళ్ల తరబడి చదువుకున్నాడు. ఆయన తన పుస్తకంలో పందుంపుల్ల మీద ఒక అధ్యాయమే రాశాడు. పుల్ల చిటికెన వేలంత లావుండాలి, ఒక కొన మెత్తగా నమలాలి, తోముకున్నాక దాన్ని చీల్చి వంచి నాలుక గీసుకోవాలి అని. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా తాత నాకు నేర్పింది అక్షరం తేడా లేకుండా ఇదే. మా తాతకు ఇత్సింగ్ తెలియదు. ఇత్సింగ్‌కు మా తాతలు తెలుసా అన్నదే నా అనుమానం. ఈ పుస్తకాలన్నిట్లో చెట్టు పేరుంటుంది, కొలత ఉంటుంది. ఆ చెట్టు చేదో వగరో మొదట నమిలి చూసినవాడి పేరు మాత్రం ఉండదు. అడవిలో బతికేవాళ్లే ఆ పని చేసి ఉంటారని నేను అనుకుంటాను. రుజువు అడిగితే నా దగ్గర లేదు.

మా గూడెంలో పుల్ల విరవడానికి ఒక పద్ధతుండేది. ఏ రోజు పుల్ల ఆ రోజే. ఎండిన పుల్ల నమిలితే చిగురు గీరుకుంటుందని, రసం రాదని చెప్పేవారు. మామూలు రోజుల్లో వేప, కానుగ. చిగుళ్లు వాచి నెత్తురు వస్తుంటే మర్రి ఊడ, లేకపోతే నల్లతుమ్మ. పన్ను సలుపుతుంటే ఉత్తరేణి వేరు. కొన నమిలి కుంచెలా అయ్యేదాకా ఆ చేదు రసం నోట్లో తిప్పుతూనే ఉండాలి. తాత పుల్ల నోట్లో పెట్టుకుని పశువుల్ని విప్పి, వాగుదాకా తోలి, తిరిగి వచ్చేదాకా తీసేవాడు కాదు. అరగంట పైనే. ఇప్పుడు మా పిల్లలు బ్రష్షుతో పెట్టే సమయం నేను ఒకసారి గడియారం చూసి లెక్కపెట్టాను. సగం మంది ఇరవై సెకన్లు దాటలేదు.

ఆ చేదు రసం ఏం చేస్తుందో 1996లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం కొంత చెప్పింది. వేప పుల్లను నీళ్లలో నానబెట్టి తీసిన సారాన్ని నోటి బ్యాక్టీరియాతో కలిపి చూశారు. వాళ్లు వాడిన మోతాదులో ఆ సారం బ్యాక్టీరియాను చంపలేదు, పెరుగుదలను కూడా ఆపలేదు. ఇంకొకటి చేసింది. పంటిలాంటి గట్టి పదార్థానికి ఉమ్మి పూసి పెడితే, దానికి అంటుకునే బ్యాక్టీరియా తగ్గింది. పంచదార నుంచి అవి తయారుచేసుకునే కరగని జిగురు కూడా తగ్గింది. నీళ్లలోనే అవి ఒకదానికొకటి ముద్దకట్టుకున్నాయి. ముద్దకట్టినదాన్ని ఉమ్మేస్తే పోతుంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. యాంటీబయోటిక్ ఆలోచన అంతా చంపడం. చంపబోతే కొన్ని తప్పించుకుంటాయి, తప్పించుకున్నవి మొండికేస్తాయి, వాటి పిల్లలకు ఆ మందు పనిచేయదు. వేప రసం చేసింది చంపడం కాదు, గుడిసె వేసుకోనివ్వకపోవడం. నిట్రాట పాతడానికి చోటు ఇవ్వకపోతే ఊరెక్కడ లేస్తుంది? చేదుకూ వగరుకూ కారణమైన టానిన్ల వంటి పదార్థాలు మొక్క తన కోసం చేసుకున్నవి. వాన తడిలో ఆకు మీదా బెరడు మీదా క్రిములు కాపురం పెట్టకుండా అది కాచుకోవాలి కదా. ఆస్ట్రేలియా తీరంలో దెలీసియా అనే ఎర్ర సముద్రపు నాచు ఉంది. చుట్టూ ఉన్న రాళ్లన్నిటికీ పాచి పడుతుంది గానీ దానికి పెద్దగా పట్టదు. 1990లలో చూస్తే, బ్యాక్టీరియా గుంపు కట్టడానికి ఒకదానికొకటి పంపుకునే రసాయన కబుర్లను ఆ నాచు వదిలే పదార్థాలు చెడగొడుతున్నాయని తేలింది. పెద్దమనుషులు కూర్చునేలోపే పంచాయితీ చెదరగొట్టడం లాంటిది.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఇటలీ సంగతి. కసాండ్రా క్వేవ్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞురాలు దక్షిణ ఇటలీ పల్లెల్లో తిరిగి, పుండ్లకూ గడ్డలకూ ముసలమ్మలు ఏ ఆకు వాడతారో రాసుకుంది. ఆమె తొలినాళ్లలో పనిచేసిన ఊళ్లలో జినెస్త్రా ఒకటి. అక్కడివాళ్లు అర్బరేషేలు, అయిదారు వందల ఏళ్ల కిందట అల్బేనియా వైపు నుంచి వలస వచ్చిన జనం. వాళ్ల భాష వేరు. బడి భాష ఇటాలియన్ కావడంతో ఆ భాష పలచబడుతోంది. ఇది ఎవరి కథలా ఉందో నేను చెప్పక్కర్లేదు.

క్వేవ్, ఆమె తోటివాళ్లు 104 జాతుల మొక్కల నుంచి 168 సారాలు తీసి, మందులకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా మీద చూశారు. 2008లో ఫలితం ప్రచురించారు. ఆ మొక్కల్లో పల్లెవాళ్లు చర్మం రోగాలకు వాడేవి ఉన్నాయి, ఎందుకూ వాడనివీ ఉన్నాయి. పాచి కట్టకుండా ఆపడంలో పల్లెవాళ్లు వాడే మొక్కలు మిగతావాటికంటే స్పష్టంగా ముందున్నాయి. 2012లో వాటిలో ఒకటైన అడవి బ్లాక్‌బెర్రీ ముళ్లపొద వేరు నుంచి తీసిన సారం స్టాఫ్ పాచిని కట్టనివ్వదని, దాంతో మామూలు యాంటీబయోటిక్ మళ్లీ బాగా పనిచేస్తుందని చూపించారు. ముసలమ్మ మాటకు గాజుపాత్రలో సాక్ష్యం దొరికింది. అరబ్బు దేశాల్లో మిస్వాక్ అని వాడే పీలు చెట్టు పుల్లకూ ఇలాగే దొరికింది. దాన్ని నమిలితే వచ్చే ఘాటుకు కారణమైన పదార్థమే నోటి బ్యాక్టీరియాలో కొన్నిటిని చంపుతుందని స్వీడన్‌లో చూశారు.

ఇంతవరకూ చదివి, మనవాళ్లకు అన్నీ ముందే తెలుసు అని చప్పట్లు కొట్టేవాళ్లున్నారు. నాకు ఆ చప్పట్లు ఇష్టం లేదు. మా తాతకు బ్యాక్టీరియా తెలియదు. గాజుపాత్రలో పనిచేసింది మనిషి నోట్లో అంతే పనిచేస్తుందని లేదు. పాచి గట్టిపడి గార కట్టిందంటే ఏ పుల్లా దాన్ని కదపలేదు, పళ్ల డాక్టరే గీకాలి. అడ్డదిడ్డంగా తోమితే పుల్ల చిగుళ్లను కోస్తుంది. మా పక్క గూడేల్లో కొందరు ఆడవాళ్లు కాల్చిన పొగాకు పొడి పళ్లకు రుద్దుతారు. అది కూడా పాత అలవాటే, అది నోటి కేన్సర్‌కు దారి. పాతదల్లా మంచిది కాదు. మా పిల్లలు బ్రష్షు వాడితే నాకు సంతోషమే. పుల్ల వాడినవాణ్ణి చూసి నవ్వితే మాత్రం ఊరుకోను.

పుల్లను కాలవలో పారేయించిన చెయ్యే రేపు దాన్ని పొట్లం కట్టి అమ్ముతుందన్నది ఇంకో బాధ. పసుపుతో గాయం మానుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్‌ఐఆర్ పాత పుస్తకాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. వేప నూనెతో బూజును చంపే పద్ధతి మీద యూరప్‌లో 1994లో ఇచ్చిన పేటెంట్‌ను 2000లో కొట్టేశారు, 2005లో అప్పీలు కూడా పోయింది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని విషయాలను కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించారు. బాగుంది. కానీ అదంతా గ్రంథం ఉన్నవాడి రక్షణ. నోటిమాటగా ఉన్నదానికి ఏ పేజీ చూపిస్తాం? 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరి విజ్ఞానం వాడుకున్నవాడు ఊరికి లాభంలో వాటా ఇవ్వాలి. 2023 సవరణలో గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానం వాడేవాళ్లకు ఆ బాధ్యత లేకుండా చేశారు. వేప, కానుగ, చండ్ర సుశ్రుతుడి పుస్తకంలో ఎప్పుడో ఎక్కాయి. కాబట్టి వాటి మీద మనకు రావాల్సింది ఏమీ లేదన్నమాట.

కేరళలో కాణి గిరిజనుల అనుభవం ఒకటుంది. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రజ్ఞులకు దారి చూపిన కాణి యువకులు ఏదో కాయ నములుతూ అలసట లేకుండా నడిచారు. ఆ మొక్కతో జీవని అనే మందు తయారైంది. 1995లో దాన్ని ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు వచ్చిన సొమ్ములో సగం కాణి ప్రజలకని నిర్ణయించారు, 1997లో వాళ్ల పేరుతో ట్రస్టు పెట్టారు. అందులోనూ గొడవలు వచ్చాయి. అయినా అడిగిన మనిషికి వాటా ఉందని ఒక్కసారైనా ఒప్పుకున్నారు.

అందుకే ఈ వ్యాసంలో నేను ఒక జాగ్రత్త తీసుకున్నాను. పైన రాసిన పుల్లల పేర్లు ఊరందరికీ తెలిసినవే. పుండు మానడానికి మా వడ్డె నూరి కట్టే పసరు గురించి ఒక్క మాట కూడా ఇక్కడ లేదు. రాయకపోతే ఆయనతో పోతుంది, రాస్తే మన చేతుల్లోంచి పోతుంది. పంచాయతీ స్థాయిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలని చట్టంలో ఉంది. మా పంచాయతీలో రాశారని చెబుతున్నారు. ఆ పుస్తకం ఎక్కడుందో అడిగితే ఒకరు ఇంకొకరి మీద చెబుతున్నారు. మా వడ్డెను ఎవరూ అడగలేదన్నది మాత్రం ఆయనే నాతో అన్నాడు.

మొన్న వానలు తగ్గాక పిల్లల్ని వాగుకు తీసుకుపోయాను. ఒక్కొక్కరూ రాయి తీసి గోటితో గీకి చూశారు, తర్వాత పంటిని గీకి చూశారు. ప్రశ్న అడిగిన పిల్లవాడితో, "నువ్వే రైటు, నేనే తప్పు చెప్పాను" అన్నాను. వాడికి ఆ ప్రశ్న గుర్తే లేదు. అయినా ముసిముసిగా నవ్వాడు. ఆ రోజు నుంచి పిల్లలు ఒక నోటుపుస్తకం రాస్తున్నారు. చెట్టు పేరు మన భాషలో, తెలుగులో, చెప్పినవాళ్ల పేరు, రుచి ఎలా ఉంది. పుస్తకం నా బీరువాలో ఉంటుంది, ఎవరికీ ఇవ్వను. ఇప్పటికి పదకొండు పుల్లలు ఎక్కాయి. పన్నెండోది వాడి నాయనమ్మకు తెలుసట. చెట్టు చూస్తే గుర్తుపడుతుంది గానీ పేరు చెప్పదట. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు కొమ్మ విరుచుకుని తెస్తానన్నాడు.